బోర్లా పడుకోబెట్టిన దేవతలు

నేను చెప్పే మాటల్లో సగం కోతలేనని మా రాయచోటి పక్క ఒక అపవాదు ఉంది. అది అన్యాయం. ముప్పాతిక కోతలే. ఒంటె మీద కునుకు తీస్తే లేచేసరికి యెమెన్ సరిహద్దు దాటిపోయానని చెప్పింది నేనే. మా ఊళ్లో తాటిచెట్లు చీకటి పడగానే చేలగట్ల మీద తిరుగుతాయనీ, అందుకే వాటికి గొలుసులు కడతామనీ సౌదీలోని ఉనైజా ఖర్జూరాల సంతలో ఒక సుడానీ కాపలాదారుణ్ని నమ్మించింది కూడా నేనే. విన్నవాళ్లు నవ్వుకున్నారు, నేనూ నవ్వుకున్నాను, ఎవరి కొంపా మునగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కోత కాదు. దీనికి ఉప్పూ కారం దట్టిద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కలం పట్టుకోగానే కోపం వస్తుంది. కోపమొస్తే నాకు కోతలు రావు.

గల్ఫు మెడికల్ పాసై, వీసా ఎప్పుడొస్తుందా అని ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతున్న పిల్లల్లారా, ఇది మీకోసం. అక్కడ ఎండ ఎట్లుంటుందో, కఫీలు, అంటే మన వీసా చేతిలో పెట్టుకునే యజమాని, ఎట్లాంటివాడై ఉంటాడో మీకు అందరూ చెబుతారు. ఎండకంటే, కఫీలుకంటే ఎక్కువగా కాల్చేది ఇంకొకటుంది. కఫీలు మనసులో ఏముందో అడక్కుండానే ఊహించుకుని, ఆ ఊహకు తానే వణికి, ఆ వణుకును మన నెత్తిన రుద్దే మన మనిషి. వాడి గురించి ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

మోకాళ్లు మొరాయించి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికొచ్చేదాకా నేను ఉనైజాలో ఒక పెద్ద వ్యాపారి సొంత మ్యూజియంలో స్టోర్ కీపర్ని. తాళాలు నా దగ్గర, బండి నా దగ్గర, వచ్చినవాళ్లకు వచ్చీరాని అరబ్బీలో వస్తువులు చూపించడం నా పని. మట్టిగోడల పాత ఇంటిని బాగుచేయించి, అందులో కాఫీ కూజాలు, కత్తులు, ఒంటె జీనులు అమర్చుకున్నాడు ఆ పెద్దాయన. ఆయన తాత ఒంటెల బేరగాడు. ఉనైజా ఉన్న ఖసీం సీమ నుంచి ఉత్తరానికి, షామ్ దేశం, అంటే సిరియా దాకా మందల్ని తోలుకుపోయి అమ్మి వచ్చేవాడట. ఆ దారిలో బుస్రా అని ఒక పాత పట్నం ఉంది. రోమన్లు ఏలినప్పుడు తమ అరేబియా రాష్ట్రానికి దాన్ని ముఖ్యపట్నం చేసుకున్నారట. ఆ పట్నంలో అచ్చయిన రాగి, కంచు నాణేలంటే పెద్దాయనకు ప్రాణం. ఎక్కడెక్కడి వేలాల్లోనో పాడి, లైసెన్సు తెప్పించుకుని, ఒక పెట్టెడు పోగుచేశాడు.

వాటిని సర్దడానికి జోర్డాన్ నుంచి ఒక మేడమ్‌ను పిలిపించాడు. పాత నాణేలు చదివిన మనిషి. నేను పెట్టె మోసేవాణ్ని కాబట్టి నాకూ కొంత పాఠం అంటింది. ఆ బిళ్లలకు ఒక వైపు రోము చక్రవర్తి తల, నెత్తిన ఆకుల దండ. రెండో వైపు ఆ ఊరివాళ్ల సొంత వ్యవహారం. రోమువాడు ముఖం నాది ఉండాలన్నాడు గానీ, వెనక ఎవరిని వేసుకుంటారో మీ ఇష్టమన్నాడు. ఊళ్లవాళ్లు తమ దేవుళ్లను వేసుకున్నారు. ఒక బిళ్ల మీద కోటగోడనే కిరీటంగా పెట్టుకున్న అమ్మవారు, ఊరిని నెత్తిన మోసే తల్లి. ఒక బిళ్ల మీద పొట్టేలు కొమ్ములున్న గడ్డపు దేవుడు. ఇంకో రకం మీద మెట్లున్న అరుగు, అరుగు మీద నిలబెట్టిన మూడు రాళ్లు, నడిమి రాయి నెత్తిన రొట్టెలు పేర్చినట్టు చదునైన బిళ్లలు. ముక్కూ మొహం లేని రాయి. అరబ్బులు ఇస్లాం రాకముందు మొక్కిన దుషారా దేవుడు ఇదేనంది మేడమ్. వీటితోపాటు ఒకే ఒక్క ఒంటె బొమ్మ బిళ్ల.

పెద్దాయనకు కావాల్సింది ఆ వెనక వైపే. అందుకే మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. గాజు పెట్టెలో అడుగున అద్దం. అద్దానికి జానెడు ఎత్తున సన్నటి పారదర్శక పట్టీలు. పట్టీల మీద నాణెం. పై నుంచి చూస్తే రాజు, అద్దంలో చూస్తే దేవుడు.

ఆ పెట్టె చేసింది మా నజ్జార్. అరబ్బీలో వడ్రంగిని అట్లా అంటారు, మేమూ అట్లాగే పిలిచేవాళ్లం. జగిత్యాల పక్క మనిషి. నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ని. మాట తక్కువ, ఉలి ఎక్కువ. నా కోతలన్నీ విని చివర్లో "అయితే ఆ తాడిచెట్టుకు కాళ్లెన్ని భాయ్?" అని అడిగి నా గాలి తీసేవాడు ఆయనొక్కడే.

ఇక మేనేజరు. కోస్తా జిల్లాల వాడు. పెద్ద చదువు, ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు. పని తెలిసినవాడే, కాదనను. కానీ ఆయనకు అభా కొండల మీద కన్ను. పెద్దాయన బామ్మర్ది అక్కడ ఒక హోటలు కడుతున్నాడు. చల్లటి కొండ, పర్యాటకులు, దానికి మేనేజరుగా పోవాలని ఈయన కోరిక. ఆ కోరిక ఉన్నవాడికి భయం కూడా దానంతటే పెరుగుతుంది కదా. పెద్దాయన దగ్గితే తనమీద కోపంతోనే దగ్గాడనుకునే రకం.

మేడమ్ అమరిక చెప్పి తన ఊరికి పోయింది, ప్రారంభం ముందు వస్తానంది. పెద్దాయన కంటి ఆపరేషన్‌కు కైరో పోయాడు. అప్పుడు జరిగిందిది.

నజ్జార్ పట్టీలు బిగించి, సరిపోయిందా లేదా అని ఒక రాళ్ల బిళ్లను పెట్టి చూస్తున్నాడు. అద్దంలో వంగి చూసినవాడు అట్లాగే ఉండిపోయాడు.

"భాయ్, గిటు రా. జర సూడు. మా ఊరి గుల్లె శివలింగం అచ్చం గిట్లనే ఉంటది. కింద పానవట్టం గూడ ఉన్నది సూడు."

"అది లింగం గాదన్నా. దుషారా అంట. మేడమ్ చెప్పినాది."

"పేరు ఏదైతేంది. రాయికి దండం వెట్టింది మేమొక్కలమే అనుకున్న గిన్నొద్దులు. అరబ్బోల్లు గూడ వెట్టిన్రన్నట్టు."

"పెట్టినారు. తర్వాత మానేసినారు."

"మేం మానలె. గంతే ఫరక్." అని నవ్వాడు.

నేనూ నవ్వాను. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాం. ఆయన నవ్వలేదు.

"ఏంటయ్యా, లింగం అంటున్నాడేంటి?"

"ఊరికే సార్, పోలిక చెప్పినాడు."

"పోలికా? ఇది ఏ దేశం అనుకుంటున్నారు మీరిద్దరూ? రేపు ఎవడో ఫోటో తీసి, సౌదీ ఇంట్లో ఇండియన్ గాడ్ అని పెట్టాడనుకో. ఫినిష్. నా జాబ్, మీ జాబ్, అన్నీ ఫినిష్."

"సార్, పెద్దాయనే కదా కొనింది వాటిని. చూడకుండా కొన్నాడా?"

"ఆయనది పెద్ద మనసు. చుట్టూ ఉన్నోళ్లకి ఉండద్దా? ఆయన చెప్పేదాకా ఆగితే మనమెందుకు? ముందే సేఫ్ సైడ్ చూసుకోవాలి."

పిల్లల్లారా, ఈ 'సేఫ్ సైడ్' అనే మాట వినపడగానే మీరు అక్కడినుంచి నాలుగడుగులు దూరం జరగండి. ఆ పక్కన నిలబడేది వాళ్లు. కూలేది మన మీద.

మరునాడు ఆర్డరు వచ్చింది. కాగితం మీద కాదు, నోటితో. అద్దం తీసెయ్యాలి. నల్లగుడ్డ వేసిన బోర్డు పెట్టాలి. నాణేలన్నీ రాజు తల పైకి, వెనక వైపు కిందికి. ఎవరూ తిప్పి చూడకుండా అంటించెయ్యాలి. దానికోసం రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి జిగురు ఆయనే తెచ్చిచ్చాడు.

నజ్జార్ ఆ ట్యూబు చేతిలో పట్టుకుని తటపటాయించాడు. "సార్, గిది ఏస్తే మళ్ల ఊడది."

"ఊడకూడదనే ఇచ్చాను."

"మేడమ్‌కు ఒక్క ఫోన్ కొడదాం సార్," అన్నాను నేను.

"నువ్వు నీ కథలు చెప్పుకో. ఈ టాపిక్‌లో దూరకు."

"ఎవలన్న అడిగితే ఏం జెప్పాలె సార్?" అన్నాడు నజ్జార్.

"నేను చెప్పానని చెప్పు. అంతా నా రెస్పాన్సిబులిటీ."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. ఆ గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

ఒక్కొక్క నాణేనికీ జిగురు రాసి బోర్లా పడుకోబెట్టాడు నజ్జార్. అంటించే ముందు మేనేజరు పక్కన నిలబడి ఒక్కొక్కటీ తిప్పి చూసి పరీక్ష చేశాడు. అమ్మవారు ఫెయిలు. కొమ్ముల దేవుడు ఫెయిలు. రాళ్లు మరీ ఫెయిలు. ఒంటె దగ్గర ఆగి, "ఇది ఓకే. ఇది హెరిటేజ్," అని దాన్ని మాత్రం వెనక వైపు పైకి పెట్టించి, అంచుల్ని చిన్న మేకులతో పట్టించాడు. అంత దేవసభలో పాసైంది ఒక్క ఒంటె.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది, అప్పుడే నవ్వాల్సింది. ఆ రోము చక్రవర్తులు ఉత్త రాజులు కారు. బతికుండగానే వాళ్ల బొమ్మల ముందు సాంబ్రాణి వేయించుకున్నారు, చచ్చాక గుళ్లు కట్టించుకున్నారు. మేడమ్ చెప్పింది. అంటే మా మేనేజరు భయపడి దాచింది మొహం లేని రాళ్లను, అందరికీ కనిపించేలా వరసగా నిలబెట్టింది మొహమున్న దేవుళ్లను. తెలియనివాడి భయానికి దిక్కూ దిశా ఉండదు.

నేనూ ముసల్మాన్నే. పూట తప్పకుండా నమాజు చేసుకునేవాణ్నే. ఏళ్ల తరబడి ఆ బిళ్లల్ని చేతుల్లో పెట్టుకుని తుడిచాను. నా ఈమాన్, అంటే నా విశ్వాసం, వాటిని చూసి జారిపోలేదు. సర్కారు మ్యూజియాల్లోనే ఇస్లాంకు ముందటి రాతి విగ్రహాలను దీపాలు పెట్టి చూపిస్తున్న రోజులివి. అట్లాంటప్పుడు ఈ పెద్దమనిషి ఎవరి ధర్మాన్ని కాపాడుతున్నట్టు? ఆయన కాపాడుకున్నది అభా హోటలును.

పెద్దాయన కైరో నుంచి వచ్చాడు. మేడమ్ కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి గదిలోకి వచ్చి పెట్టె చూశారు. "అద్దం ఏది?" అంది మేడమ్. ఆమె గాజు తీయించి ఒక నాణేన్ని వేలితో కదిలించి చూసింది. కదల్లేదు. ఆమె మొహం తెల్లబోయింది. కుర్చీ వేసుకుని, ఏదో మందు చుక్కలు చుక్కలుగా వేసి, పల్చటి కత్తితో ఒకదాన్ని పైకి లేపింది. అది కోటగోడ కిరీటపు అమ్మవారు.

నాణెం లేచింది. అమ్మవారి ముఖం లేవలేదు. అది నల్ల బోర్డు మీదే, గట్టిపడిన జిగురులో, పచ్చటి పొక్కులా మిగిలిపోయింది. అన్ని వందల ఏళ్లు మట్టిలో ఉండి ఆ నాణేనికి పట్టిన పచ్చదనమే దాని చర్మమట. చర్మంతో పాటు ముక్కూ కళ్లూ ఊడొచ్చాయి. మేడమ్ కత్తి పక్కన పెట్టి చేతులతో మొహం కప్పుకుంది.

పెద్దాయన కేకలేసే మనిషి కాదు. కూర్చున్నాడు. మేనేజరు వైపు తిరిగి అడిగాడు, "ఎవరు చేశారు?"

మేనేజరు ఇంగ్లీషూ అరబ్బీ కలిపి మాట్లాడతాడు. మొత్తం నాకు అర్థమైంది. "వడ్రంగి చేశాడు సార్. హిందువు. ఆ రాళ్లలో వాడికి వాడి దేవుడు కనిపించాడు. నేను చెవులారా విన్నాను. తన దేవుణ్ని పరాయివాళ్లు చూడకూడదనుకున్నాడేమో, బోర్లించి అంటించేశాడు. నేను ఆఫీసు పనిలో ఉండి చూసుకోలేకపోయాను."

చూశారా నేర్పు! నజ్జార్ నవ్వుతూ అన్న మాటను తీసుకుపోయి, దానికి ముల్లు కట్టి, ఆయన వీపులోనే దించాడు.

నేను ముందుకొచ్చి "అబద్ధం యా అమ్మీ, ఈయనే చెప్పినాడు, నేనున్నాను," అన్నాను. అమ్మీ అంటే అరబ్బీలో బాబాయి. పెద్దాయన నా వైపు చూశాడు. అందులో కోపం లేదు, జాలి ఉంది. మేనేజరు మెల్లగా అన్నాడు, "సార్, నడిచే తాటిచెట్ల మనిషి ఇతనే."

అంతే. ఏళ్ల తరబడి అందర్నీ నవ్వించి సంపాదించుకున్న పేరు ఆ ఒక్క క్షణంలో వడ్డీతో సహా నా ముందుకొచ్చి నిలబడింది.

నజ్జార్‌కు ఖురూజ్ కొట్టమని ఆఫీసుకు చెప్పారు. అంటే ఫైనల్ ఎగ్జిట్, మళ్లీ రావడానికి లేకుండా ఇంటికి పంపెయ్యడం. పాత వస్తువును పాడుచేశాడని పోలీసు కాగితం కూడా పెట్టాలా వద్దా అని మేనేజరు అడుగుతున్నాడు. పెద్దాయన ఆ ముక్కకు ఇంకా ఊ అనలేదు.

సాయంత్రం గదికి పోతే నజ్జార్ తన పనిముట్లను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"అన్నా, పోయి పెద్దాయన కాళ్ల మీద పడదాం. మంచి మనిషి."

"ఎందుకు వడాలె?" ఉలి కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "తప్పు జేసినోడు వడాలె. పొమ్మంటే పోత భాయ్. ఎప్పటికైన పోవుడే గదా. గని చెడగొట్టిండన్న పేరుతోని పోను. నేను జేసిన తలుపులు ఈ ఊర్ల ఎన్ని ఇండ్లకున్నయో నీకెర్కనేనా? రేపు ఆ తలుపు తీసినప్పుడల్ల, గిది ఆ దొంగ నజ్జార్ జేసిందే అనుకుంటరు."

నాకు ఒళ్లంతా మండింది. "రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత మజ్లిస్‌కు పోదాం. ఇద్దరం."

"ఏం జెప్తవ్ ఆడ?"

"అబద్ధం."

"నిజం జెప్పరాదుర బై!"

"చెప్పినా కదన్నా. నా నోట్లోనుంచి వచ్చేసరికి అదీ అబద్ధమే అయిపోయె. ఈసారి అబద్ధమే చెప్తా. ఏమవుతాదో చూద్దాం."

"నన్ను ఇంక ముంచుతవ్ నువ్వు."

"మునిగిందాంట్లో ఇంకేం ముంచుతా? నువ్వు నోరు మూసుకుని నిలబడు చాలు."

ఆ దేశంలో నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. పెద్దవాళ్లు జనాన్ని కలిసే గదిని మజ్లిస్ అంటారు, దాని తలుపు మూయరు. పనివాడైనా సరే, లోపలికొచ్చి సలాం చెప్పి, కాఫీ గిన్నె అందుకుని, తన మాట చెప్పుకోవచ్చు. మన ఆఫీసులోళ్లు మాత్రం ఆ తలుపుకు మనల్ని చేరనివ్వరు, అది వేరే సంగతి.

మేం పోయేసరికి పెద్దాయన గోడవారన కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన బామ్మర్ది, తెల్లటి గడ్డం, నిన్ననే అభా నుంచి వచ్చాడు. నాణేల గొడవ ఆయనకు ఏమీ తెలియదు. ఓ మూల మేనేజరు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన కాలు ఊపడం ఆపేశాడు.

సలాం చెప్పాను. కాఫీ తాగాను. గిన్నె చాలన్నట్టు ఊపి ఇచ్చేశాను. పెద్దాయన అడిగాడు, "ఏం కావాలి మీకు?"

"బహుమానం కావాలి, తాల్ ఉమ్రక్," అన్నాను. ఆయుష్మంతుడవు కావాలని పెద్దల్ని సంబోధించే తీరు అది. "ఈ వడ్రంగికి."

పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. "దేనికి?"

ఇక అందుకున్నాను. "మీరు ఊళ్లో లేరు. పెట్టెలో విగ్రహాలున్నాయి. రేపు జనం వచ్చి చూసి మీ ఇంటిని ఏమైనా అంటారేమోనని ఎవరికీ తోచలేదు. చదువుకున్నవాళ్లకు తోచలేదు, ముసల్మాన్నైన నాకే తోచలేదు. ఈ మనిషికి తోచింది. మీ పరువు కాపాడాలని, ఒక్కడే, తన సొంత బుద్ధితో, దేవతలందర్నీ బోర్లించినాడు. మా కడప నవాబుల కాలంలో ఇట్లాంటి నమ్మకస్తుడికి ఏనుగునిచ్చి, ఏనుగును మేపడానికి ఒక చెరుకు తోటనిచ్చి, తోటకు కాపలాగా ఇంకో ఏనుగునిచ్చేవాళ్లు."

నజ్జార్‌కు పనికి సరిపడా అరబ్బీ వచ్చు. 'వడ్రంగి', 'ఒక్కడే', 'బోర్లించినాడు' అన్నవి అర్థమై ఉంటాయి. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. పీక పిసకడానికి చేతులు లేచినట్టే లేచి ఆగాయి. పెద్దాయన మొహం రాయి అయింది. నిన్న మేనేజరు మోపిన నేరాన్ని నేనే వచ్చి ఖాయం చేసినట్టయింది. ఎర నీళ్లలో పడింది. చేప వస్తుందా రాదా, అదే నా ప్రశ్న.

వచ్చింది బామ్మర్ది. "మాషా అల్లాహ్!" అన్నాడు గడ్డం నిమురుకుంటూ. "నేను ఏడాదిగా వెతుకుతున్నది ఇట్లాంటి మనిషినే. చెప్పకుండానే యజమాని పరువు చూసుకునేవాడు. హోటలు అప్పజెప్పడానికి ఇంకేం కావాలి? ఇతన్ని నాకు ఇచ్చెయ్యి, అభా తీసుకుపోతాను. పని నేర్పించుకుంటా."

మూల నుంచి ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది.

"ఎక్స్‌క్యూజ్ మీ సార్." మేనేజరు లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఆ ఐడియా ఇతనిది కాదు సార్. ఇతను ఉత్త లేబర్. ఇతనికి అంత ఆలోచన ఎక్కడిది? అద్దం తీయించింది నేను. జిగురు తెప్పించింది నేను. ప్రతి నాణెం నేను పక్కన నిలబడి చెక్ చేశాను. మీ రెప్యుటేషన్ కోసం సార్. అంతా నా డెసిషనే."

కాఫీ పోసే మనిషి కూజా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మేనేజరు నోరు మూసుకున్నాడు గానీ మాట అప్పటికే గది మధ్యలో కూర్చుంది. తను ఏమన్నాడో ఆయన చెవికి అప్పుడు చేరింది.

పెద్దాయన చాలా నెమ్మదిగా అన్నాడు. "నిన్న నువ్వు ఆఫీసు పనిలో ఉన్నానన్నావు."

"సార్, అది..."

"మా తాత ఈ రాళ్లు నిలబెట్టిన ఊళ్ల మధ్య నుంచే ఒంటెల్ని తోలుకుపోయాడు. విరిగిన గుళ్ల నీడలో పడుకున్నాడు. ఐదు పూటలా అక్కడే నమాజు చేశాడు. ఆయన ఈమాన్‌కు ఏమీ కాలేదు. నీ జిగురు పెట్టి కాపాడాల్సిన ఈమాన్ ఎవరిది? నాదా?"

మేనేజరు తల దించుకున్నాడు. పెద్దాయన లేచి నజ్జార్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను నేను అడగలేదు. వాణ్ని అడిగాను. తప్పు అక్కడ జరిగింది," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రెండో ఏనుగు అనవసరం," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

ఇక్కడితో ఆపితే మీరంతా సంతోషంగా ఇళ్లకు పోతారు. నేను పోనివ్వను. మేనేజరు ఏమయ్యాడో వినండి.

ఆయన్ని పీకెయ్యలేదు. మ్యూజియంలో వద్దన్నాడు పెద్దాయన. బామ్మర్దికి మాత్రం ఆ జిగురు భక్తి నచ్చింది. పరువు కోసం అంత దూరం ఆలోచించేవాడు హోటలుకు పనికొస్తాడనుకున్నాడు. నెల తిరక్కుండా మా మేనేజరు అభా కొండ ఎక్కాడు. చల్లగాలి, పెద్ద కుర్చీ, ఇంకా పెద్ద కార్డు. పోయేముందు నా దగ్గరికొచ్చి "నో హార్డ్ ఫీలింగ్స్ భాయ్," అని చెయ్యి చాపాడు. నేను తాళాలు రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. అమ్మవారి ముఖం ఊడబెరికినవాడు కొండెక్కాడు, ఊడకుండా చూద్దామన్నవాళ్లం దుమ్ములో మిగిలాం. తలచుకుంటే ఇప్పటికీ నా అన్నం చేదవుతుంది.

నజ్జార్‌కు ఖురూజ్ రద్దయింది. మేడమ్ వారాల తరబడి కూర్చుని తక్కిన నాణేలను లేపింది. కొన్ని బాగానే వచ్చాయి. కొమ్ముల దేవుడికి ఒక కొమ్ము మిగిలింది. రాళ్ల బిళ్లకు అరుగు మిగిలింది, రాళ్లు పోయాయి. నజ్జార్ మళ్లీ అద్దం వేశాడు, పట్టీలు కట్టాడు. పాడైనవాటిని దాచొద్దని, అవీ అందులోనే ఉండాలని పెద్దాయన పట్టుబట్టాడు.

ఆ పాడైనవాటి కింద ఏం రాయాలన్నది ఆఫీసువాళ్లు తేల్చారు. మేనేజరుగా కొత్తగా వచ్చిన ఆయన ఇత్తడి పలక చెక్కించి పంపాడు. నజ్జార్ దాన్ని పెట్టె చట్రానికి ఆనించి, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని నన్ను పిలిచాడు.

"ఏం రాసిన్రు భాయ్ దీంట్ల?"

చదివి చెప్పాను. "వెనక వైపు బొమ్మలు కాలక్రమంలో అరిగిపోయినవి."

"కాలం మీద ఏసిన్రా?" పలకను తీసి బల్ల మీద బోర్లించాడు. "కాలానికి కఫీలు లేడు, ఈడ ఉండేటందుకు ఇకామా కాయితం లేదు. ఏం జేస్తరు దాన్ని? నేను బిగియ్య."

"అన్నా, ఆర్డరన్నా."

"అప్పుడు గూడ ఆర్డరే. ఊడదు సార్ అన్న, ఊడొద్దన్నడు, ఏసిన. మళ్ల ఎయ్య. నువ్వు పోయి చెప్పు. నజ్జార్ అబద్ధాలు బిగియ్యడట అని చెప్పు."

నేను పోయి పెద్దాయనకు చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా. కొన్నాళ్లకు కొత్త పలక వచ్చింది. ఈసారి నజ్జార్ నన్ను రెండుసార్లు చదివించాడు.

"ఈ మ్యూజియంలోనే జిగురుతో అంటించడం వల్ల బొమ్మలు దెబ్బతిన్నవి."

"నా పేరు లేదు గదా?"

"లేదన్నా."

"ఆయిన పేరు?"

"అదీ లేదు."

పలకను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చట్రానికి ఆనించి ఒక మూల స్క్రూ బిగించాడు. ఎదురు మూల ఇంకోటి బిగించాడు. మిగిలిన రెండు స్క్రూలూ జేబులో వేసుకుని ఉలి సంచీ సర్దుకున్నాడు.

"అన్నా, ఇంకో రెండు మరిచిపోయినావు."

"మరువలె. సగం నిజానికి సగమే బిగిస్తరు. కడమది రాసినప్పుడు పిలువుమను, అచ్చి బిగిస్త."

నేను ఉన్నన్నాళ్లూ ఎవరూ పిలవలేదు.